మన్ననూరు ఘాట్లో కాటర్ పిన్ను

మాసబ్ ట్యాంక్‌లో ట్యాంకు లేదు. ఇక్కడికి కొత్తగా వచ్చిన ప్రతివాడికీ ఈ మాట ఒకసారి చెప్పాల్సి వస్తుంది. ఇది ఒకప్పుడు మా సాహెబా తాలాబ్. కుతుబ్ షాహీల ఇంట పెద్దదిక్కుగా ఉన్న రాణులను మా సాహెబా అనేవారు. మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు హయాత్ బక్షీ బేగంనూ అలాగే పిలిచారు. విజయవాడ దారిలోని హయత్‌నగర్ ఆమె పేరు మీదిదే. జనం నోట్లో నలిగి మా సాహెబా 'మాసబ్' అయింది, తాలాబ్ పోయి ట్యాంక్ వచ్చింది, తర్వాత ఆ ట్యాంకూ పోయి చాచా నెహ్రూ పార్కు మిగిలింది. పొద్దున్నే ఆ పార్కులో నడుస్తాను. చెరువు అడుగున తిరుగుతున్నానన్న సంగతి ఏనాడో తప్ప గుర్తురాదు. కుడి మోకాలు మాత్రం రోజూ గుర్తొస్తుంది.

ఆ నొప్పి పుట్టింది 1987లో, మాఘమాసం చివర, శివరాత్రికి ముందు రోజు, మన్ననూరు ఘాట్లో. హైదరాబాద్ నుంచి శ్రీశైలం దాకా సైకిల్ మీద పోవాలన్నది నా ఆలోచనే. మొక్కు లేదు, ఎవరి బలవంతమూ లేదు. అప్పుడు నాకు ముప్పై ఏళ్లు. మాసబ్ ట్యాంక్‌లో ఒక ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్ పని, విజయనగర్ కాలనీలో రెండు గదుల అద్దె ఇల్లు, మధ్యలో సైకిల్ మీద పది నిమిషాల దారి. రోజుకు పది నిమిషాలు తొక్కేవాడికి రెండు వందల కిలోమీటర్ల మీద మనసు పోవడానికి కారణం బొంబాయి కుర్రాళ్ల కథ చదవడం. 1923 అక్టోబర్ 15న ఆరుగురు పార్సీ యువకులు ప్రపంచం చుట్టి వస్తామని బొంబాయిలో సైకిళ్లెక్కారు. 1928 మార్చిలో ముగ్గురు తిరిగొచ్చారు: ఆది హకీమ్, జాల్ బాపసోలా, రుస్తుం భుమ్‌గరా. తొక్కింది 71,000 కిలోమీటర్లు. వాళ్లు ఎడారులు దాటగా లేనిది నేను నల్లమల దాటలేనా అనుకున్నాను. వాళ్లు ఎన్ని కిలోమీటర్లు తొక్కారో పట్టించుకున్నాను గానీ, అందులో ఎన్ని కిలోమీటర్లు నెట్టి ఉంటారో ఆలోచించలేదు.

ఆఫీసుకు దగ్గర్లో, బంజారాహిల్స్ ఒకటో నంబరు రోడ్డు ఎత్తెక్కడం మొదలుపెట్టే చోట, ఒక చాచా సైకిల్ షాపు ఉండేది. షాపంటే ఒక రేకుల డబ్బా, దాని ముందు నీళ్ల తొట్టి, గాలి పంపు, వేపకొమ్మకు వేలాడే పాత టైర్లు. పక్కన వరసగా ఏడెనిమిది కిరాయి సైకిళ్లు, వెనక మడ్‌గార్డు మీద తెల్ల పెయింటుతో నంబర్లు. గంటల లెక్కకు అట్ట చిరిగిన ఒక నోటుబుక్కు. పిల్లలు బార్ కింద నుంచి కాలు దూర్చి 'కైంచీ' తొక్కడం నేర్చుకునేది ఆ సైకిళ్ల మీదే. మోకాలిచిప్ప మీద మచ్చ లేని మా ఈడు హైదరాబాదీ కనిపిస్తే, వాడికి సైకిల్ రాదని లెక్క.

బయల్దేరే ముందు చాచా నా సైకిల్‌ని తలకిందులుగా నిలబెట్టి, పెడల్‌ని చేత్తో తిప్పి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. టక్... టక్. చుట్టుకొకసారి.

"కాటర్ పోయింది బేటా, మార్చుకో."

కాటర్ పిన్ను అంటే వేలెడంత ఇనుప ముక్క. పెడల్ క్రాంకును ఇరుసుకు పట్టి ఉంచేది అదే. ఒక పక్క ఏటవాలుగా చదునుగా ఉంటుంది, కొసన మర, దానికో నట్టు. అరిగితే క్రాంకు కదులుతుంది, కదిలేకొద్దీ ఇంకా అరుగుతుంది. వచ్చాక మార్పిస్తాలే చాచా అన్నాను.

"షహర్ల తిరిగేటందుకు నడుస్తది. పహాడ్ మీద నడ్వదు," అన్నాడు చాచా, చేతులు తుడుచుకుంటూ. ఇంకోసారి చెప్పలేదు. ఆయనకు చెప్పిన మాట మళ్లీ చెప్పే అలవాటు లేదు.

ఆ సైకిల్ రూపం నాకంటే చాలా పాతది. ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ 1885లో, రెండు చక్రాలూ దాదాపు ఒకే ఎత్తున ఉండి గొలుసుతో వెనక చక్రం తిరిగే 'రోవర్' సైకిల్ చేశాడు. 1888లో డన్లప్ గాలి టైరు తెచ్చాడు. నూరేళ్ల తర్వాత నేనెక్కిందీ ఇంచుమించు అదే. మనకు మొదట వచ్చింది సీమ సరుకు. అంబత్తూరులో 1949లో, సోనీపత్‌లో అట్లాస్ పేరుతో 1951లో, లూధియానాలో హీరో పేరుతో 1956లో ఫ్యాక్టరీలు మొదలయ్యాక సైకిల్ గుమాస్తా ఇంటికీ పాలవాడి ఇంటికీ చేరింది. చేరాక అది ఒక్క మనిషిని మోసే బండిగా ఎన్నడూ లేదు. మాసబ్ ట్యాంక్ చౌరస్తాలో పొద్దున ఆరింటికి నిలబడితే మెహదీపట్నం వైపు నుంచి పాల సైకిళ్లు వరసకట్టి వచ్చేవి. గండిపేట, మొయినాబాద్ వైపు పల్లెల నుంచి, రెండు పక్కలా క్యాన్లు, హ్యాండిల్‌కి ఇంకో చిన్నది, మూతల కింద తొణక్కుండా గడ్డి. ఎత్తు రాగానే దిగి, ఒక చెయ్యి సీటు మీద, ఒక చెయ్యి హ్యాండిల్ మీద వేసి వంగి నెట్టేవారు. కత్తులు సానబట్టేవాడు స్టాండు వేసి అదే సైకిల్ తొక్కి సానరాయి తిప్పేవాడు. గుడ్ల ట్రేలు, కిరసనాయిలు డబ్బాలు, ఐసు దిమ్మలు, పెళ్లికి మైకు సెట్లు, అన్నీ సైకిల్ మీదే.

దీనికీ పన్ను ఉండేది. ఏటేటా కట్టి, రేకు బిళ్ల తెచ్చి సైకిల్‌కి తగిలించుకోవాలి. రాత్రి దీపం లేకపోయినా, ముందు బార్ మీద ఇంకొకణ్ని కూర్చోబెట్టుకున్నా పోలీసు ఆపేవాడు. ఆపి, జరిమానా కన్నా ముందు చక్రంలో గాలి తీసేవాడు. ఇప్పటివాళ్లు నవ్వుతారుగానీ, గాలి తీసిన సైకిల్‌ని ఇల్లు చేర్చడం కన్నా జరిమానా కట్టడమే నయం.

దూరాలు తొక్కినవాళ్లంటే ఇప్పుడు మనకు హెల్మెట్, బిగుతు బట్టలు కళ్లముందు మెదులుతాయి. మా అక్క మొగుడు ఏ రోజూ హెల్మెట్ పెట్టలేదు. ఆయన కల్వకుర్తి దగ్గర తపాలా రన్నర్. సబ్ పోస్టాఫీసులో సంచీ తీసుకుని, నాలుగు పల్లెల్లో దింపి, అక్కడి సంచీ ఎత్తుకుని సాయంత్రానికి తిరిగొచ్చేవాడు; రోజుకు ముప్పై కిలోమీటర్లకు తక్కువ లేదు. నిజాం రాజ్యానికి సొంత తపాలా ఉండేది, 1869 నుంచి సొంత స్టాంపులు కూడా. 1950లో అది భారత తపాలాలో కలిసింది. బావ వాళ్ల తాత ఆ నిజాం తపాలాలో కాలినడక హర్కారా. తాత నడిచిన దారే మనవడు సైకిల్ మీద తిరిగాడు, అంతే తేడా. రాజకీయాల్లో చూస్తే, పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లిన పుచ్చలపల్లి సుందరయ్యను గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాల్సిందే. బావ మాత్రం ఆ మాట వినగానే, "పార్లమెంటు దాక రోడ్డు మంచిగుంటది గద," అన్నాడు.

శ్రీశైలం దారిలో, ఆమనగల్లులో బావ నాతో కలిశాడు. నా క్యారియర్ మీద దుప్పటి, అటుకులు, పంపు, స్పానరు, రెండో జత బట్టలు, ఒక కెమెరా. ఆయన క్యారియర్ మీద ఖాళీ తపాలా సంచీలో రెండు రొట్టెలు. "గిది కొత్తగాదు బామ్మర్దీ. నీకు టూరు, నాకు డ్యూటీ," అన్నాడు. ఆ ఏడు మండల ఎన్నికల సందడి. పైగా సైకిల్ ఒక పార్టీ గుర్తు. ఊరూరా టీ కొట్ల దగ్గర ఏ పార్టీ తరపున సార్ అని అడిగేవాళ్లు. మల్లన్న పార్టీ అనేవాడు బావ. మొదటి రోజు అలా నవ్వుకుంటూ డిండి చేరాం. రాత్రి హోటలు బల్లల మీద పడుకున్నాం. ఆ రోజు గురించి ఇంతకన్నా చెప్పడానికేం లేదు.

రెండో రోజు హాజీపూర్ దాటాక కొండ మొదలైంది. నా సైకిల్‌కి ముందు 44 పళ్లు, వెనక 18. అంటే పెడల్ ఒక చుట్టు తిప్పితే బండి ఐదు మీటర్లకు పైనే కదలాలి. సమతలంలో ఇది హాయి. ఎత్తులో అదే ఐదు మీటర్లూ మనిషిని, సామానునూ, ఇరవై కిలోల ఇనుమునూ ఒక్క కాలితో పైకెత్తాలి. గేర్లు లేవు కాబట్టి కొండకు మనమే లొంగాలి. నేను లొంగలేదు. సీటు మీంచి లేచి, బరువంతా కుడి పెడల్ మీద వేసి తొక్కాను. టక్ టక్‌లు దగ్గర దగ్గరయ్యాయి, తర్వాత టప్పున ఒక చప్పుడు. పెడల్ గాల్లో తేలిపోయింది, నా మోకాలు వచ్చి హ్యాండిల్ కింది బోల్టుకు తగిలింది.

బావ కాటర్ రంధ్రంలో మేకు కొట్టి చూశాడు. అర కిలోమీటరు ఆగింది. ఇంకో మేకు కొట్టాడు, పావు కిలోమీటరు. తర్వాత మాట్లాడకుండా తన సైకిల్ దిగి నాతోపాటు నెట్టాడు. ఆయనది బాగానే ఉంది, ఎక్కి పోవచ్చు. పోలేదు. ఎండ ఎక్కుతోంది, చెట్లు ఆకురాల్చాయి, నీడ లేదు. మోదుగులు మాత్రం పూశాయి. దిగివచ్చే బస్సుల్లోంచి జనం చేతులూపారు. ఎందుకు ఊపుతారో నాకు ఇప్పటికీ తెలీదు. నెట్టేవాడికి తిరిగి ఊపడానికి చెయ్యి ఖాళీ ఉండదు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు యూజీన్ క్రిస్టోఫ్ కథ చదివి నాలో నేనే నవ్వుకున్నాను. 1913 టూర్ డి ఫ్రాన్స్‌లో, పిరనీస్ కొండల్లో తూర్మలే కనుమ దిగుతుంటే అతని సైకిల్ ముందు ఫోర్కు విరిగింది. ఆ పోటీలో ఎవడి సైకిల్ వాడే బాగుచేసుకోవాలి, పరాయి చెయ్యి పడకూడదు. సైకిల్‌ని భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి, సెంత్ మారీ ద కంపాన్ అనే ఊళ్లో కమ్మరి కొలిమి పట్టుకుని, తనే ఇనుము కాల్చి ఫోర్కు అతికించుకున్నాడు. పోటీ అధికారులు పక్కనే నిలబడి కాపలా కాశారు. చివరికి కొలిమి తిత్తి ఒత్తింది ఒక పిల్లవాడని అతనికి జరిమానా వేశారు. మొదట పది నిమిషాలు, తర్వాత మూడుకు తగ్గించారట. ఆ రోజుల్లో ఆ పోటీలో గేర్లు మార్చే యంత్రాన్నీ ఒప్పుకోలేదు, 1937 దాకా.

నాకూ కొలిమే దిక్కయింది. మన్ననూరులో సైకిల్ షాపు మూసుంది. దానివాడు జాతరకు పోయాడు. రోడ్డు పక్క చింతచెట్టు కింద ఒక కమ్మరి మాత్రం గొడ్డళ్లు సాపు చేస్తున్నాడు. విరిగిన కాటర్‌ను అరచేతిలో వేసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఏడికెల్లి వస్తున్రు?"

"హైదరాబాద్ నుంచి."

"సైకిల్ మీదనే?" ఒక్క క్షణం ఆగి, "బస్సు దొర్కలేదా సార్?"

ఎద్దులబండి పాత బోల్టు ఒకటి వెతికి తీశాడు. మర అప్పటికే ఉంది కాబట్టి సగం పని తప్పింది. "పోరడు శ్రీశైలం పోయిండు. తిత్తి నువ్వే ఒత్తాలె," అన్నాడు. నేను తిత్తి ముందు గొంతుక్కూర్చున్నాను. మొదట గాలంతా వృథా పోయింది. నెమ్మదిగా, ఆపకుండా ఒత్తాలని రెండుసార్లు కసిరాడు. బొగ్గు ఎర్రబడి, బోల్టు నారింజ రంగుకొచ్చాక పటకారుతో పట్టి దాగలి మీద పెట్టి, ఒక్క పక్కనే కొట్టాడు. మూడు దెబ్బలు కొట్టడం, కాల్చడం, మళ్లీ మూడు. చల్లార్చాక ఆకురాయితో ఏటవాలు తీశాడు. రంధ్రంలో పెట్టి చూశాడు, తీశాడు, ఇంకో నాలుగుసార్లు రాశాడు. ఒక కన్ను మూసి వెలుగులో చూశాడు. చివరికి సుత్తితో దిగ్గొట్టి నట్టు బిగించి, పెడల్ మీద తనే ఎక్కి నిలబడి ఒకసారి ఊగాడు. చప్పుడు లేదు. నాలుగు రూపాయలు అడిగి, తిత్తి ఒత్తినందుకు ఒక రూపాయి తగ్గించాడు. ఫ్రాన్స్ వాళ్ల లెక్క కన్నా మన్ననూరు లెక్కే నాకు న్యాయంగా కనిపిస్తుంది.

ఈ మధ్య మా మనవడి స్నేహితులు కొందరు 'బ్రెవే'లు తొక్కుతున్నారు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 300 ఇరవై గంటల్లో, 600 నలభై గంటల్లో పూర్తిచేయాలి. దీని మూలం కూడా ఫ్రాన్సే. 1891లో మొదలైన పారిస్ - బ్రెస్ట్ - పారిస్ 1,200 కిలోమీటర్ల యాత్రకు ఇప్పుడు గరిష్ఠంగా 90 గంటలు ఇస్తారు. ఒక కుర్రాడు నాకు తన బ్రెవే కార్డు చూపించాడు. దారిలో ప్రతి మజిలీలో ముద్ర, పక్కన వేళ, సంతకం. నాకు బావ తపాలా సంచీతో తిప్పిన కాగితం గుర్తొచ్చింది. దాంట్లోనూ ప్రతి ఊరి ముద్ర, పక్కన వేళ, సంతకం. బావ ముప్పై ఏళ్లు ఆ కాగితం నింపాడు. ఆలస్యమైతే ఆయనకు పతకం కాదు, మెమో వచ్చేది. ఆ కుర్రాళ్లను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు, వాళ్ల పిక్కలు చూస్తే నాకు అసూయే. అమీర్‌పేట మెట్రో కింద, పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద తెల్లవారుజామున నాలుగింటికి ఎర్ర లైట్లు మిణుకుమంటూ పోతుంటే బాగుంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ దారి, పైన సోలార్ కప్పుతో, 2023లో తెరిచారు. దాని మీద పాల క్యాన్లు పోవు, అంతే.

మన్ననూరు దాటాక అరవై, డెబ్బై కిలోమీటర్లు అడవే. ఇప్పుడు అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటు మూస్తారు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఈ నల్లమలలోనే శ్రీశైలం చూసి, తర్వాత హైదరాబాద్ చేరాడు. తెలుగులో యాత్రాచరిత్ర అంటే ముందు ఆయన పేరే చెబుతాం. ఆయన వచ్చింది పల్లకీలో. పల్లకీ మోసిన బోయీలకు ఈ కొండలెక్కుతుంటే ఏ మోకాలు నొప్పిచ్చిందో చెప్పే పుస్తకం ఏదీ లేదు.

దోమలపెంట దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలింది. అక్కడినుంచి కృష్ణ దాకా మలుపులు తిరుగుతూ దిగుడే. పొద్దున ఎక్కలేక ఏడ్చినవాణ్ని ఇప్పుడు దిగలేక ఏడ్చాను. బ్రేకు రబ్బర్లు కాలి వాసన కొట్టాయి. ప్రతి మూడో మలుపు దగ్గర ఆగి రిమ్ము మీద నీళ్లు చల్లితే చుయ్యిమనేది. డ్యాం దగ్గర నది దాటేసరికి పూర్తిగా చీకటి. నెహ్రూ 1963లో శంకుస్థాపన చేసిన ఆ డ్యాం దీపాలు అప్పుడు మాకు పట్నం దీపాల్లా కనిపించాయి. అక్కడినుంచి మళ్లీ ఎత్తు. కాటర్ గట్టిగానే ఉంది, మోకాలు పోయింది. దిగి నెట్టాను. డైనమో దీపం చక్రం వేగంగా తిరిగితేనే వెలుగుతుంది, నెట్టేవాడికి చీకటే.

ఆ చీకట్లో మేం ఒంటరిగా లేం. రోడ్డు పొడుగునా జనం, తలల మీద మూటలు, నడుముకు గంటలు, పిల్లలు. సైకిళ్లు కూడా చాలానే, ఒక్కటీ తొక్కడం లేదు. అన్నిటి మీదా ఎవరో ఒకరి సామాను. ఒక అవ్వ నా పక్కన కాసేపు నడిచి, నా ఖాళీ సీటు వంక చూసి అడిగింది.

"నూకుకుంటనే పోతున్నవ్ గద బిడ్డా. గీ మూట గూడ పెట్టుకో."

పెట్టుకున్నాను. మూటలో బియ్యం ఉన్నట్టుంది, సీటు మీద బరువుగా కూర్చుంది. అవ్వ దాన్ని ఒక చేత్తో పట్టుకుని నడిచింది. నెట్టడం ఇంకా కష్టమవుతుందనుకున్నాను, కాలేదు. ఆమె కూడా నెడుతోంది. తమది కొల్లాపూర్ దిక్కు అంది. మేం దాటొచ్చిన డ్యాం వెనక నిలిచిన శ్రీశైలం రిజర్వాయర్ కింద పాలమూరు, కర్నూలు జిల్లాల్లో సుమారు వంద ఊళ్లు మునిగాయి. 1981లో జనాన్ని ఖాళీ చేయించారు. సోమశిల గుడిని మాత్రం విప్పి, ఎత్తు మీదికి తెచ్చి మళ్లీ కట్టారు.

"నీది ఏ ఊరు?"

"హైదరాబాద్ అవ్వా. మాసబ్ ట్యాంక్."

"ట్యాంకంటే చెరువే గదా. చెరువు పెద్దదా?"

"చెరువు లేదవ్వా ఇప్పుడు. పేరే ఉంది."

ఆమె కొంచెం దూరం మాట్లాడలేదు. కింద ఎక్కడో నీళ్ల చప్పుడు వినిపిస్తోంది.

"మాకు చెరువే ఉంది," అంది. "ఊరు లేదు."

సున్నిపెంట దీపాలు కనిపించేదాకా ఇద్దరం ఆ సైకిల్‌ని నెట్టాం.